బరువు లాగడానికి గేరు బండే కావాలా?

“లాగుడు పనికైతే గేరు బండే తీసుకో. ఆటోమేటిక్ బజారుకెళ్లి రావడానికి.” పికప్పో పెద్ద ఎస్‌యూవీయో కొని వెనక ట్రైలర్ తగిలించాలనుకునేవాడికి మన దగ్గర మొట్టమొదట దొరికే సలహా ఇది. ఆటోనగర్ మేస్త్రీ ఇదే అంటాడు, ముప్పయ్యేళ్లు లారీ తోలిన పెద్దాయన ఇదే అంటాడు, ఎన్నడూ దేన్నీ లాగనివాడు ఇంకాస్త గట్టిగా అంటాడు. రొయ్యల చెరువు గట్టుకు జనరేటరు చేర్చాలన్నా, బోరు పనికి కంప్రెసర్ ఈడ్చుకెళ్లాలన్నా, పడవనో ఇంకో కారునో ట్రైలర్ మీద తీసుకుపోవాలన్నా, ఎడమ కాలికి పని చెప్పని బండి బరువుకు ఆగదని నమ్మకం. ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. ఇవాళ ఇది తప్పు. తప్పన్న సంగతి తెలియాలంటే విదేశాలదాకా పోనక్కర్లేదు, మన ఊళ్లో కాలవ పూడిక తీసే యంత్రాన్ని చూసినా చాలు. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన మార్కెట్టులో ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క పేరు మీద నాలుగు రకాల సరుకు అమ్ముడవుతోంది. 2014లో మారుతి సెలేరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ ఒకటి. అది మామూలు గేర్‌బాక్సే, మామూలు పొడి క్లచ్చే. కాలూ చెయ్యీ చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. రెండు క్లచ్చుల డీసీటీ రెండోది. బెల్టు మీద నడిచే సీవీటీ మూడోది. నాలుగోది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్. “మా బావ ఆటోమేటిక్ కారు ఫ్లైఓవర్ మీద వెనక్కి జారింది”, “ట్రాఫిక్‌లోనే వేడెక్కి ఎర్ర దీపం వెలిగింది” అని వినిపించే కథల్ని కాస్త తవ్వితే చాలావరకు ఏఎంటీయో, పొడి క్లచ్చుల డీసీటీయో బయటపడుతుంది. ఆ నేరాలకు నాలుగోదాన్ని బోనెక్కించడం అన్యాయం. నేను వకాల్తా పుచ్చుకుంటున్నది ఆ నాలుగోదానికి మాత్రమే. ఏఎంటీ కారుకు ట్రైలర్ తగిలిస్తానంటే మేస్త్రీ మాటే వినండి.

ఇక అసలు సంగతి. బరువు లాగడంలో కష్టమంతా పరుగులో లేదు, కదలడంలో ఉంది. చదును రోడ్డు మీద అరవైలో పోతున్న బండికి వెనక రెండు టన్నులున్నా ఇంజన్ పెద్దగా ఆయాసపడదు. నిలబడిన బరువును ఎక్కుడు మీద కదపడమే పరీక్ష. ఆ సమయంలో గేరు బండిలో ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఉన్నదల్లా క్లచ్ ప్లేటు రాపిడే. ఇంజన్ తిరుగుతోంది, చక్రం నిలబడి ఉంది. ఆ తేడానంతా ప్లేటు అరుగుతూ, కాగుతూ మింగాలి. దాన్నే మనం హాఫ్ క్లచ్ అంటాం, అదేదో విద్య అయినట్టు.

లెక్క చూద్దాం. బండీ ట్రైలరూ కలిపి 4,500 కిలోలు అనుకోండి. మొదటి గేరులో గంటకు 8 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి, మూడు సెకన్లలో, క్లచ్ పూర్తిగా పట్టిందనుకోండి. చదును మీద ప్లేటు మింగే వేడి సుమారు 11 కిలోజౌళ్లు. అదే పదికి ఒకటి వాలున్న ఎక్కుడు మీద పాతిక దాటిపోతుంది. అది కూడా డ్రైవరు చెయ్యి తిరిగినవాడై, మొదటిసారికే కదిలితే. వెనక్కి జారి, మళ్లీ తొక్కి, ఇంజన్ని గట్టిగా అరిపించి వదిలితే ఆ లెక్క రెట్టింపవుతుంది. ఆ వేడి పోవడానికి దారి కూడా లేదు. క్లచ్ మూసిన గూట్లో ఉంటుంది. దానికి నూనె లేదు, కూలర్ లేదు, డ్యాష్‌బోర్డు మీద ముల్లు లేదు. క్లచ్చుకున్న ఏకైక ఉష్ణమాపకం డ్రైవరు ముక్కు. వాసన వచ్చేసరికి కాలాల్సింది కాలిపోయి ఉంటుంది.

టార్క్ కన్వర్టర్ ఈ చోటే వేరు దారి తొక్కింది. ఇంజన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెను విసురుతుంది, ఆ నూనె ఎదురుగా ఉన్న ఇంకో రెక్కల చక్రాన్ని నెడుతుంది. రెంటికీ నడుమ స్టేటర్ అనే మూడో రెక్కల చక్రం ఉంది. తిరిగివచ్చే నూనెను సరైన దిక్కుకు మళ్లించేది అదే. దాని పుణ్యాన, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఇచ్చిన తిప్పుడు బలం దాదాపు రెండింతలై గేర్‌బాక్సులోకి వెళుతుంది. అంటే క్లచ్ ఏ క్షణంలో అరుగుతుందో, ఆ క్షణంలోనే కన్వర్టర్ బలం పెంచుతుంది. అరిగేందుకు ఇక్కడ ప్లేటు రాపిడి లేదు. వేడి పుడుతుంది, కానీ నూనెలో పుడుతుంది, నూనె కూలర్‌కు పోయి చల్లబడి వస్తుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ పడి, ఇంజనూ గేర్‌బాక్సూ గట్టిగా కలిసిపోతాయి. లాకప్ నిన్నమొన్నటి వింత కూడా కాదు, 1949లో ప్యాకార్డ్ కంపెనీ అల్ట్రామాటిక్ గేర్‌బాక్సులోనే ఉంది.

దీన్ని మొదట కనిపెట్టింది షికారు కార్ల కోసం కాదన్నది మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. 1905లో జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ పేటెంటు తీసుకున్నది ఓడల కోసం, వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌తో మెల్లగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌ను నడపడానికి. పుట్టుకతోనే మోటు పనిది. మన రైల్వేలోనూ దీని సంతతి ఉంది: మన్ మోహన్ సూరి అనే భారతీయ ఇంజనీరు రూపొందించిన హైడ్రో-మెకానికల్ ‘సూరి ట్రాన్స్‌మిషన్’తో చిత్తరంజన్ కార్ఖానాలో డబ్ల్యుడిఎస్-4 ఇంజన్లు తయారయ్యాయి. యార్డుల్లో రోజంతా వ్యాగన్ల వరసల్ని ముందుకూ వెనక్కూ లాగడమే వాటి ఉద్యోగం.

ఇప్పుడు కాలవ దగ్గరి యంత్రం. బురదలో దిగబడిన లారీని బయటకు లాగాలంటే ఊళ్లో ఎవరికి ఫోన్ చేస్తారు? జేసీబీకి. “జేసీబీ బలం” అని సామెత స్థాయిలో చెప్పుకుంటాం. ఆ జేసీబీ 3డీఎక్స్‌లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కూర్చున్నది టార్క్ కన్వర్టరే. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో వందేసి టన్నులు మోసే డంపర్లున్నాయి. ఆ తరగతిలో గేర్లతో నడిచే డంపర్లకు టార్క్ కన్వర్టరూ, తనంతట తాను గేరు మార్చుకునే పెట్టే ఉంటాయి. వంద టన్నులకు ఆగేది రెండు టన్నులకు ఆగదా? మేస్త్రీ రోజూ నూనె పోసే యంత్రాల్లో ఉన్నదే కారులోకి రాగానే ‘సుకుమారం’ ఎలా అయిందో నాకైతే అర్థం కాదు.

“ట్రాక్టర్ చూడండి, గేర్లదే కదా, అంతకంటే లాగేది ఏముంది?” అన్నది వాళ్ల బ్రహ్మాస్త్రం. దాన్నే తిప్పి చూద్దాం. ధాన్యం బస్తాల ట్రక్కుతో చెరువు గట్టు ఎక్కే ట్రాక్టర్ డ్రైవరు ఏం చేస్తాడు? గట్టు మొదట్లోనే చిన్న గేరు వేసుకుంటాడు, పైకి చేరేదాకా దాన్ని ముట్టుకోడు. మధ్యలో క్లచ్ తొక్కాడా, ట్రక్కు వెనక్కి లాగుతుంది, మళ్లీ వదిలేటప్పుడు ముందు చక్రాలు లేచే ప్రమాదం. ట్రాక్టర్‌లో అది నడుస్తుంది, ఎందుకంటే దానికి లో, హై అని రెండు వరసల గేర్లున్నాయి, నడక వేగంతో పోయినా దాన్ని ఎవరూ అడగరు. అంటే గేరు వ్యవస్థలో బలహీనత ఎక్కడుందో అందరికంటే ముందు తెలిసినవాడు ట్రాక్టర్ డ్రైవరే: బరువు మీద ఉండగా గేరు మార్చడంలో. ఆ మార్చే అవసరమే రాకుండా తప్పించుకోవడం అతని నేర్పు. రోడ్డు మీద పోయే పికప్పుకు ఆ సౌకర్యం లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటుంది, ముందు ఎక్కుడు పెరుగుతుంటుంది, గేరు మార్చక తప్పదు.

మారిస్తే ఏమవుతుంది? పదికి ఒకటి ఎక్కుడు మీద క్లచ్ తొక్కి ఉన్న ప్రతి సెకనుకూ బండి గంటకు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగం పోగొట్టుకుంటుంది. ఇరవై మీద ఉన్న బండి, బరువుతో కంగారుపడ్డ డ్రైవరు చేతిలో రెండు సెకన్లు తీసుకుంటే, పదమూడుకు దిగుతుంది. వేసిన గేరు ఆ వేగానికి మళ్లీ పెద్దదవుతుంది. ఇంకోసారి తగ్గించాలి. ఇంతలో కొక్కెం దగ్గర ట్రైలర్ ఒకసారి గుంజి ఒకసారి కొడుతుంది. ఆటోమేటిక్‌లో ఒక క్లచ్ వదులుతుండగానే ఇంకోటి పట్టుకుంటుంది, లాగుడు తెగదు. అనంతగిరి ఘాట్‌లోనో, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు పోయే దారిలోనో బరువుతో పోయినవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు.

సరే, నా మాటా మేస్త్రీ మాటా పక్కన పెడదాం. వారంటీ ఇచ్చి, నష్టం భరించాల్సిన కంపెనీలు ఏం చేస్తున్నాయో చూద్దాం. 2022లో మన దేశంలోకి వచ్చిన టొయోటా హైలక్స్ పికప్, 2021 నుంచి వస్తున్న ఫార్చ్యూనర్: రెండింట్లోనూ అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్, అదే 204 హార్స్‌పవర్. గేరు బండిలో 420 న్యూటన్ మీటర్ల టార్క్, ఆటోమేటిక్‌లో 500. మహీంద్రా స్కార్పియో-ఎన్ డీజిల్‌లో గేరుకు 370, ఆటోమేటిక్‌కు 400. ఎక్స్‌యూవీ700లో 420, 450. ఇంజన్ ఒకటే, కానీ గేరు బండిలో దానికి కళ్లెం బిగించారు. ఎందుకంటే క్లచ్చూ గేర్‌బాక్సూ ఎంత తట్టుకుంటాయో, మనిషి కాలు ఎంత గట్టి పెడల్‌ను తొక్కగలదో చూసుకోవాలి కాబట్టి. బలమైనదని మనం నమ్మిన బండికి, దాన్ని తయారుచేసినవాడే తక్కువ బలం ఇచ్చి పంపుతున్నాడు. షోరూములో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే అచ్చువేసి ఉంటాయి. చదివేవాళ్లే తక్కువ.

అమెరికాలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. అక్కడ పశువుల ట్రైలర్లూ ఇళ్లంత కారవాన్లూ లాగే భారీ పికప్పుల్లో గేరు రాడ్డు పెట్టి అమ్మిన చివరిది రామ్. 2018 మోడల్‌తో అదీ ఆగిపోయింది. ఆ చివరి ఏడాది లెక్క చూడండి. కమిన్స్ 6.7 లీటర్ల డీజిల్‌కు ఆరు గేర్ల మాన్యువల్ తగిలిస్తే సుమారు 895 న్యూటన్ మీటర్లు. అదే ఇంజన్ గట్టి రూపానికి ఐసిన్ ఆటోమేటిక్ తగిలిస్తే సుమారు 1,260. ఫోర్డ్ 2010 మోడల్‌తోనే మానేసింది, జనరల్ మోటార్స్ అంతకంటే ముందే. బరువులు లాగడమే బతుకుతెరువైన రైతులూ కాంట్రాక్టర్లూ ఉన్న మార్కెట్టు అది. ఎడమ కాలికి సుఖం కోసం వాళ్లు వదిలేశారంటే నేను నమ్మను.

వేడి సంగతి వస్తే మాత్రం అవతలివాళ్ల మాటలో గింజ ఉంది, ఒప్పుకోవాలి. టార్క్ కన్వర్టర్ లాకప్ పడకుండా చాలాసేపు బరువు మీద తిరిగితే నూనె బాగా కాగుతుంది. మామూలుగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాల్సిన నూనె అంతకంటే చాలా పైకి పోయి అక్కడే ఉంటే నల్లబడుతుంది, జారుడుగుణం పోతుంది, లోపలి క్లచ్చులు కాలుతాయి. పాత మూడు, నాలుగు గేర్ల ఆటోమేటిక్కులు ఇలాగే చెడ్డపేరు తెచ్చుకున్నాయి: గేర్ల మధ్య అంతరం ఎక్కువ, లాకప్ లేదు, ఉన్నా పై గేరులోనే, కూలర్ అంటే రేడియేటర్ అడుగున చిన్న గొట్టం. ఇప్పటి ఆరు, ఎనిమిది, పది గేర్ల పెట్టెల్లో లాకప్ కింది గేర్లలోనే పడుతుంది. అయినా నిర్లక్ష్యం పనికిరాదు. ట్రైలర్ పని ఖాయమనుకుంటే విడిగా గేర్ నూనె కూలర్ ఉందో లేదో చూడాలి, లేకపోతే వేయించాలి. ఎక్కుడు మీద బండి రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతుంటే చేత్తో కింది గేరులో నిలపాలి. “ఈ గేర్ నూనె జీవితాంతం మార్చక్కర్లేదు” అని షోరూము కుర్రాడు చెబితే నవ్వి ఊరుకోవాలి. ఎవరి జీవితాంతమో అతను చెప్పడు. బరువు లాగే బండికి నూనె ముందుగానే మార్చాలి.

కానీ దీన్నుంచి “కాబట్టి గేరు బండి” అన్న తీర్మానం రాదు. వేడి రెండింట్లోనూ ఉంది. ఒకదాంట్లో దాన్ని కొలవచ్చు, చల్లార్చవచ్చు. రెండోదాంట్లో వాసన చూడవచ్చు.

ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ పట్టి ఉంచదన్న భయం దీనికంటే పాతది. లాకప్ పడి ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజన్ చక్రాలను పట్టి ఉంచుతుంది, గేరు బండిలో ఉంచినట్టే. చేయాల్సిందల్లా డీలో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌కో, ఎల్‌కో, 2కో తెచ్చుకోవడం. లాగుడు మోడ్ ఉన్న బండ్లు బ్రేకు తొక్కగానే వాలును పసిగట్టి తామే కింది గేరుకు దిగుతాయి. డీలో పెట్టి, కాలంతా బ్రేకు మీదే వేసి దిగి, “చూశారా, పట్టలేదు” అంటే అది గేర్‌బాక్సు తప్పు కాదు. ఇక గేరు బండిలో దిగుడు మీద అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. వేగం పెరిగాక కింది గేరుకు దిగుదామని క్లచ్ తొక్కి, గేరు పడక, బండి న్యూట్రల్‌లో ఉండిపోవడం. వెనక రెండు టన్నులు నెడుతుంటే ఆ రెండు మూడు సెకన్లు చాలా పొడుగు. డీజిల్ మిగులుతుందని కావాలనే న్యూట్రల్‌లో వదిలేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

డీజిల్ ఖర్చు గురించి రెండు ముక్కలు చాలు. లాకప్ లేని కాలంలో తేడా నిజం. ఇప్పుడు, ముఖ్యంగా వెనక ట్రైలర్ ఉన్నప్పుడు, గాలీ బరువూ తాగే డీజిల్ ముందు గేర్‌బాక్సు తాగేది ఎంత?

మరమ్మతు మాత్రం చిన్న విషయం కాదు. క్లచ్ సెట్టు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఒక్కరోజులో మారుస్తారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు విప్పి మళ్లీ సరిగ్గా బిగించగలిగినవాళ్లు పెద్ద నగరాల్లోనూ కొద్దిమందే. బిల్లు లక్షల్లోకి పోతుంది. అందుకని ఎవరి చేతుల్లో తిరిగిందో, నూనె ఎప్పుడు మార్చారో తెలియని పాత ఆటోమేటిక్‌ను లాగుడు పనికి కొనవద్దు. ఏజెన్సీ లోపలి ఊళ్లో, స్పానరే తప్ప స్కానర్ లేని చోట, బండే జీవనాధారమైనవాడు గేరు బండి కొంటే తప్పు పట్టను. అయితే అతను కొంటున్నది బాగుచేయించుకోవడానికి తేలికైన బండి. లాగడానికి మేలైన బండి వేరు. మన సలహాదారులు ఈ రెంటినీ కలిపేశారు. పైగా ఇప్పటి డీజిల్ గేరు బండ్లలో చాలావాటికి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. అరక్లచ్చు మీద కాల్చితే ప్లేటుతో పాటు అదీ పోతుంది, అప్పుడు ‘చవక క్లచ్’ బిల్లు చూసి చాలామంది బిత్తరపోతారు. బ్యాటరీ చస్తే తోసి స్టార్ట్ చేసుకోవచ్చు కదా అంటారు. రెండు టన్నుల ట్రైలర్ తగిలించిన పికప్‌ని తోసేవాళ్లను వెంట తెచ్చుకుంటే, చేసుకోవచ్చు.

మిగిలింది అహం. గేరు చేతిలో ఉంటే బండి చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది, అనిపించడం తప్పు కాదు. లారీ పెద్దాయనకు ఆ విద్య నిజంగా ఉంది. దశాబ్దాలు రోజూ చేసిన పని అది. నెలకు ఒకటి రెండుసార్లు ట్రైలర్ తగిలించే మనకు లేదు, రాదు కూడా. లారీ కంపెనీలకే ఆ విద్య మీద నమ్మకం తగ్గింది: వోల్వో 2001లోనే 12 గేర్ల ఐ-షిఫ్ట్ తెచ్చి డ్రైవరు కాలి కింద క్లచ్ పెడల్ తీసేసింది. అది ఏఎంటీ జాతిదే, నిజమే, కానీ భారీ పనికని కట్టిన క్లచ్చూ గేర్లూ దానివి. చిన్న కారులోదానితో పోలిక లేదు.

ఇంకా ఒప్పుకోనివాళ్లను వాదనతో కాదు, వెనక్కి నడిపించి ఒప్పించాలి. రెండు టన్నుల ట్రైలర్ తగిలించి, గట్టు ఎక్కే వాలు మీద ఇరుకు షెడ్డులోకి రివర్స్ పెట్టమనండి. ట్రైలర్ వంకర పోతుంది, ముందుకు తీయాలి, మళ్లీ వెనక్కి. రివర్స్ గేరు నడక వేగానికి తగినంత చిన్నది కాదు కాబట్టి ఆ పనంతా అరక్లచ్చు మీదే. ఎడమ కాలు వణుకుతుంది, కళ్లు అద్దాల్లో ఉండాల్సింది పోయి మనసు పెడల్ మీద ఉంటుంది. టార్క్ కన్వర్టర్ బండిలో అదే పని కుడికాలితో అయిపోతుంది: బ్రేకు సడలించి, కాస్త యాక్సిలరేటర్ తాకిస్తే బండి అంగుళం అంగుళంగా జరుగుతుంది, రెండు చేతులూ స్టీరింగుకి మిగులుతాయి. “4ఎల్‌లో (ఫోర్‌వీల్ డ్రైవ్ చిన్న గేర్ల వరసలో) పెట్టుకుంటే గేరు బండి కూడా అలాగే పాకుతుంది” అని ఎవరైనా అడ్డొస్తే, మట్టి మీదైతే సరే అనండి. ఫోర్‌వీల్ సౌకర్యం ఉన్న మన పికప్పుల్లో ఎక్కువ భాగానికి ఉండే రకం ఫోర్‌వీల్ డ్రైవ్‌ను తారు మీదా సిమెంటు మీదా వేసి స్టీరింగు తిప్పితే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి, ఆ దెబ్బ గేర్ల మీదే పడుతుంది. షెడ్ల ముందు ఉండేదేమో ఎక్కువగా సిమెంటే.